ఏ భాగంలో శుభం ఉందో!

సూరె రహ్మాన్ పారాయణం వినిపించని ముస్లిం ఇల్లు అరుదు. ప్రభువు అనుగ్రహాలలో దేనిని కాదంటారని మానవులనూ జిన్నాతులనూ మళ్ళీ మళ్ళీ నిలదీసే సూరె అది. ఆ ప్రశ్న మొట్టమొదటిసారి వినిపించటానికి ముందు అల్లాహ్ తన అనుగ్రహాలను కొన్నింటిని లెక్కపెట్టాడు. వాటిలో ధాన్యం ఒకటి. అయితే అక్కడ ధాన్యం ఒంటరిగా లేదు. దానిని కప్పి ఉంచే పొట్టుతో, గడ్డితో సహా పేర్కొనబడింది. గింజ మాత్రమే అనుగ్రహమనీ, పైపొర చెత్త అనీ విడదీసింది మనిషే. ప్రభువు లెక్కలో రెండూ ఒకే చోట ఉన్నాయి.

చేతిలోంచి జారిపడిన ముద్దను తీసి, అంటిన మట్టిని తుడిచి తినమనీ, దానిని షైతాను కోసం వదిలివేయవద్దనీ దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. వేళ్ళకు, పళ్ళేనికి అంటుకున్నది కూడా వృథా చేయవద్దన్నారు. సహీహ్ ముస్లింలోని ఈ ఉల్లేఖనాలలో ఆయన అందుకు కారణం కూడా వివరించారు. ఆహారంలోని ఏ భాగంలో శుభం ఉందో తినేవాడికి తెలియదన్నదే ఆ కారణం.

ఈ హదీసును మనం భోజన మర్యాదల అధ్యాయంలో చదువుకుంటాము. పిల్లలకు నేర్పుతాము. అది అవసరమే. కాని పళ్ళెంలోకి రాకముందే మరలోనూ, జల్లెడలోనూ, గానుగలోనూ మన ఆహారం నుంచి వేరైపోయే భాగం మాటేమిటి? తవుడు, పొట్టు, నూక, చెక్క అని పేర్లు పెట్టి మనం పక్కకు నెట్టేవాటిలో శుభం లేదని ఎవరు చెప్పగలరు? ఈ నెల ఆ విషయమే ఆలోచిద్దాము.

వేరైపోయేది ఎంత?

100 కిలోల వడ్లు మరపట్టిస్తే దాదాపు 20 కిలోలు ఊకగా పోతుంది. మరో 7, 8 కిలోలు తవుడుగా రాలుతుంది. మిగిలిన బియ్యంలో కొంత భాగం విరిగి నూకలవుతుంది. ఊక మనిషికి ఆహారం కాదు. అది బాయిలర్లలో ఇంధనంగా ఉపయోగపడుతోంది. తవుడు సంగతి వేరు. బియ్యపు గింజలోని నూనె, పీచు, ఖనిజాలు, బి విటమిన్లలో అధికభాగం ఆ పలుచని పొరలోనూ, గింజ కొనన ఉండే మొలక భాగంలోనూ నిక్షిప్తమై ఉంటాయి. తవుడులో 15 నుంచి 20 శాతం వరకు నూనె ఉంటుంది. గింజను ఎంత తెల్లగా పాలిష్ చేస్తే అంత సంపద తవుడు బస్తాలోకి వెళ్ళిపోతుంది.

పప్పుల మరల్లోనూ ఇదే కథ. 100 కిలోల కందుల నుంచి సుమారు 70, 75 కిలోల పప్పు వస్తుంది. తక్కినదంతా పొట్టేనని మనం అనుకుంటాము. కాని పొట్టు అందులో ఒక భాగం మాత్రమే. రాపిడికి చితికిన పప్పునూక, రాలిన పప్పుపిండి కూడా అందులోనే కలిసి పోతాయి. బద్దగా ఉన్న పప్పులో ఎన్ని మాంసకృత్తులు ఉంటాయో విరిగిన నూకలోనూ ఇంచుమించు అన్నే ఉంటాయి. విరిగినంత మాత్రాన పప్పు తన గుణాన్ని కోల్పోదు, ధరను మాత్రమే కోల్పోతుంది. గోధుమను మైదాగా మార్చేటప్పుడు దాదాపు నాలుగో వంతు తవుడుగా, మొలకగా వేరవుతుంది. వేరుశనగ నుంచి నూనె తీస్తే చెక్క మిగులుతుంది. సోయా గింజల నుంచి పాలు పిండితే పిప్పి మిగులుతుంది.

పారవేసిన పొరలో ప్రాణం

‘ఏ భాగంలో శుభం ఉందో తెలియదు’ అన్న బోధ ఎంత లోతైనదో చరిత్ర ఒకసారి చాలా కఠినంగా చూపించింది. 19వ శతాబ్దంలో ఆవిరి యంత్రాలతో నడిచే బియ్యపు మరలు ఆసియా ఖండంలో వ్యాపించాయి. అన్నం మల్లెపూవులా తెల్లబడింది. దానితోపాటే బెరిబెరి అనే వ్యాధి పెరిగింది. కాళ్ళు తిమ్మిరెక్కి, నడక తడబడి, ఒళ్ళు వాచి, చివరకు గుండె ఆగిపోయే వ్యాధి అది.

1890లలో డచ్చివారి పాలనలో ఉన్న జావా ద్వీపంలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే వైద్యుడు దీనికి కారణం వెదుకుతున్నాడు. ఆయన ప్రయోగశాలలోని కోళ్ళకు సైనిక ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లన్నం పెడుతున్నప్పుడు అవి బెరిబెరి వంటి వ్యాధితో కూలబడ్డాయి. తరువాత వచ్చిన వంటవాడు సైనికుల బియ్యం కోళ్ళకు ఇవ్వనన్నాడు. పాలిష్ పట్టని ముతక బియ్యం వేయవలసి వచ్చింది. కోళ్ళు కోలుకున్నాయి. అనంతరం జావాలోని వందకు పైగా చెరసాలలను పరిశీలించగా, తెల్లబియ్యం వండే చోట్ల వ్యాధి విపరీతంగా ఉందనీ, ముతక బియ్యం వండే చోట్ల దాదాపు కనిపించదనీ తేలింది. తెల్లబియ్యంలో ఏదో విషముందని ఐక్‌మన్ మొదట భావించారు. ఆయన తరువాత పరిశోధన సాగించిన గ్రైన్స్ 1901లో అసలు సంగతి చెప్పారు. బియ్యంలో విషం చేరలేదు, ప్రాణాధారమైనదేదో తవుడుతోపాటు తొలగిపోయింది. 1926లో ఆ పదార్థాన్ని తవుడు నుంచే స్ఫటికాల రూపంలో వేరుచేశారు. నేడు దానిని బి1 విటమిన్ అంటున్నాము. 1929లో ఐక్‌మన్‌కు నోబెల్ బహుమతి లభించింది.

ఇది ఎక్కడో దూరదేశపు కథ కాదు. పచ్చిబియ్యాన్ని మరలో తెల్లగా పట్టించి తినే మన ఉత్తర సర్కారు జిల్లాలలో కూడా బెరిబెరి ఉండేది. వడ్లను ఉడకబెట్టి ఉప్పుడు బియ్యం చేసుకునే ప్రాంతాలలో అది తక్కువ. ఉడకబెట్టినప్పుడు పైపొరలోని విటమిన్ కొంత గింజలోపలికి ఇంకటమే దీనికి కారణం. నేడు హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ఒకే ఒక్క గదిలో మొదలైనప్పుడు దాని పేరు బెరిబెరి పరిశోధన విభాగం. అది 1958లో మన నగరానికి తరలివచ్చింది. పశువుల తొట్టిలోకి మనం నెట్టిన ఒక పొర గురించిన అన్వేషణే అంతటి సంస్థకు పునాది అయింది.

జల్లెడ లేని ఇల్లు

దైవప్రవక్త (స) తెల్లని మెత్తని రొట్టె తినేవారా అని హజ్రత్ సహల్ బిన్ సాద్ (రజి)ను అడిగారు. ప్రవక్త పదవి లభించినప్పటి నుంచి ఇహలోకం వీడేవరకు ఆయన అలాంటి రొట్టెను గానీ, జల్లెడను గానీ చూడలేదని సహల్ జవాబిచ్చారు. మరి జల్లించని బార్లీని ఎలా తినేవారని మళ్ళీ అడిగారు. విసిరిన పిండిని ఊదేవారమనీ, ఎగిరిపోయేది ఎగిరిపోగా మిగిలినదానిని తడిపి రొట్టె చేసుకునేవారమనీ ఆయన వివరించారు. సహీహ్ బుఖారీలోని ఈ ఉల్లేఖనాన్ని మనం సాధారణంగా ప్రవక్త (స) గారి నిరాడంబరతకు నిదర్శనంగా చెప్పుకుంటాము. అది నిజమే. దానితోపాటు మరొక విషయం కూడా గమనించాలి. ఆ ఇంట గొంతు దిగని ముతక ఊక మాత్రమే గాలికి పోయింది. తవుడు రొట్టెలోనే మిగిలింది.

దుఃఖంలో ఉన్నవారికీ రోగులకూ ఊరటనిస్తుందని హజ్రత్ ఆయిషా (రజి) సిఫారసు చేసిన తల్బీనా కూడా ఇలాంటిదే. పిండితో గానీ తవుడుతో గానీ కాచే పలుచని జావ అని పూర్వ పండితులు దానిని నిర్వచించారు. మనం పశువుకు వేసేది వారి ఇళ్ళలో దుఃఖంలో ఉన్నవారికి వడ్డించే ఆహారమైంది.

హజ్రత్ అస్మా బిన్తె అబూబక్ర్ (రజి) ఇస్లాం చరిత్రలో మహోన్నతురాలు. ఆమె తన భర్తకు చెందిన పొలం నుంచి ఖర్జూరపు గింజల మూటను తలపై మోసుకు వచ్చేవారనీ, ఒంటె కోసం వాటిని దంచేవారనీ హదీసులు తెలుపుతున్నాయి. పండు తినగా మిగిలిన గింజ వారి దృష్టిలో చెత్త కాదు. ఒక మూగజీవి ఆహారం. దానిని మోయటం ఆమెకు చిన్నతనం కాలేదు. చనిపోయిన ఒక గొర్రెను పారవేయగా చూసి, దాని తోలునెందుకు ఉపయోగించుకోలేదని దైవప్రవక్త (స) ప్రశ్నించిన సంఘటన కూడా మనకు తెలిసినదే. దానిని తినటం మాత్రమే నిషిద్ధమని ఆయన స్పష్టం చేశారు. ఒక ఉపయోగానికి పనికిరానిది మరో ఉపయోగానికి పనికివస్తుందేమో చూడకుండా పారవేయరాదన్న సూత్రం ఇందులో ఉంది.

పెద్దలకు తెలిసిన విద్య

మన తెలుగు నేలకు ఈ విద్య కొత్త కాదు. ఎడ్లకోసం ఉలవలు ఉడకబెట్టి, గింజలను వాటికి పెట్టి, ఆ కట్టును కాచి ఉలవచారు చేసుకున్నవారు మన రైతులు. నేడు పెద్ద హోటళ్ళలో మీగడతో వడ్డించే ఆ చారు పుట్టుక పశువుల దాణా కుండలో జరిగింది. నువ్వుల నూనె తీయగా మిగిలిన తెలగపిండి బాలింతల కూర అయింది. మినపప్పు కడిగినప్పుడు తేలే పొట్టు వడియాలైంది. బియ్యం కడిగిన నీళ్ళు కుడితి తొట్టిలోకి చేరాయి. విరిగిన బియ్యం, పెసరపప్పు కలిసి సహరీ వేళ మన ఇళ్ళలో ఖిచిడీ అయ్యాయి.

ముస్లిములు అత్యధికంగా నివసించే ఇండోనేషియాలో ఈ విద్య మరింత ముందుకు సాగింది. సోయా పనీరు తయారీలో మిగిలే పిప్పిని మధ్య జావా ప్రజలు పులియబెట్టి టెంపె గెంబుస్ అనే వంటకం చేస్తారు. పశ్చిమ జావాలోని సుండా ప్రజలు ఆ పిప్పిని గానీ, వేరుశనగ చెక్కను గానీ ఒక రకమైన బూజుతో పులియబెట్టి ఒంచొమ్ అనే ఆహారం తయారుచేస్తారు. నారింజరంగు బూజుతో కప్పబడే ఆ దిమ్మలు అక్కడి బజారులలో రోజూ అమ్ముడవుతాయి. తెల్లబియ్యం బెరిబెరిని తెచ్చిన ద్వీపంలోనే, పిప్పిని పోషకాహారంగా మార్చే చేతులు కూడా ఉండటం గమనార్హం.

హలాల్‌తోపాటు తయ్యిబ్

ఇంతవరకు చదివిన సోదరీమణులు రేపే మర దగ్గర తవుడు తెచ్చి రొట్టెలలో కలపాలని అనుకోవచ్చు. ఒక్క క్షణం ఆగాలి. దివ్య ఖుర్ఆన్ మనకు ధర్మసమ్మతమైనదే కాక పరిశుద్ధమైనది కూడా తినమని ఆదేశించింది. హలాల్ అన్న మాట పక్కన తయ్యిబ్ అన్న మాట ఉంది. వృథాను అరికట్టాలన్న ఉత్సాహంలో రెండవ మాటను మరచిపోతే మేలుకు బదులు కీడు జరుగుతుంది.

గింజలో ఉన్నంతవరకు తవుడులోని నూనె, దానిని విడగొట్టే ఎంజైమ్ వేరువేరు పొరలలో ఉంటాయి. మరలో రాపిడి జరగగానే అవి కలుస్తాయి. కొద్ది గంటలలోనే నూనె చెడటం మొదలవుతుంది. చేదు, సబ్బు వంటి వాసన దాని గుర్తులు. అందుకే ఆహారంగా వాడదలచిన తవుడును మరలోనే వెంటనే వేడిచేసి ఆ ఎంజైమ్‌ను అణచివేస్తారు. దాణాగా అమ్మే తవుడుకు ఈ జాగ్రత్త ఉండదు. అందులో ఊక, ఇసుక, దుమ్ము ఉంటాయి. అది మన వంటింటికి తగినది కాదు.

వేరుశనగ చెక్కలో మరో ప్రమాదం ఉంది. 1960లో ఇంగ్లండులో దాదాపు లక్ష టర్కీ కోళ్ళు చనిపోయాయి. వాటికి పెట్టిన వేరుశనగ పిండిలో బూజు పట్టి ఏర్పడిన విషమే కారణమని తేలింది. అదే అఫ్లటాక్సిన్. మనుషులలో కాలేయ క్యాన్సరుకు కూడా అది కారణమవుతుంది. వండినంత మాత్రాన పూర్తిగా పోదు. ముక్కిన, బూజుపట్టిన చెక్క మనిషికే కాదు, పాలిచ్చే గేదెకు కూడా పెట్టరాదు. ఆ విషం పాలలోకి దిగుతుంది. ఇండోనేషియాలో కొబ్బరి చెక్కను పులియబెట్టి చేసే ఒక వంటకంలో ప్రాణాంతకమైన విషం ఏర్పడి ఎందరో మరణించగా, ప్రభుత్వం 1988లో దాని తయారీని నిషేధించింది. కనుక తరతరాల అనుభవం లేని పులియబెట్టే పద్ధతులను వీడియోలు చూసి ఇంట్లో ప్రయత్నించకూడదు.

విదేశాలలో నివసించే మన కుటుంబాలకు మరొక ప్రశ్న ఎదురవుతోంది. అమెరికా, ఐరోపా దేశాలలో బీరు కర్మాగారాల్లో మిగిలే బార్లీ పిప్పిని ఎండబెట్టి పిండిచేసి బ్రెడ్డు, బిస్కట్లలో కలుపుతున్నారు. మొలకెత్తించిన బార్లీని వేడినీటిలో నానబెట్టి తీపి రసాన్ని వడగడతారు. ఈస్టు కలిపి పులియబెట్టేది ఆ రసాన్ని మాత్రమే. కాబట్టి ఈ పిప్పి వేరయ్యే సమయానికి అందులో మద్యం ఏర్పడి ఉండదు. విస్కీ వంటివి తయారుచేసే డిస్టిలరీల నుంచి వచ్చే పిప్పి మాత్రం పులిసి, బట్టీ పట్టిన తరువాత మిగిలేది. ఈ రెండింటికీ తేడా ఉంది. అదే సమయంలో, దాని కొనుగోలు సొమ్ములో కొంత మద్యం వ్యాపారికే చేరుతుందన్నది కూడా వాస్తవం. తీర్పు చెప్పటం ఈ శీర్షిక పని కాదు. ఈ వాస్తవాలన్నింటినీ నమ్మకమైన ఆలిమ్ ముందుంచి అడగాలి. అడిగే ముందు పొట్లం మీది వివరాలు చదవాలి.

పశువు వాటా, పేదవాడి వాటా

తవుడునూ పొట్టునూ మనుషులే తినేస్తే పశువుల సంగతేమిటన్న సందేహం న్యాయమైనది. మూగజీవాల విషయంలో అల్లాహ్‌కు భయపడమని దైవప్రవక్త (స) హెచ్చరించారు. దీనికి మార్గముంది. తవుడు నుంచి నూనె తీసి మనం వాడుకోగా మిగిలిన తవుడు పశువుల దాణాకు, కోళ్ళకు, గోదావరి జిల్లాల చేపల చెరువులకు చేరుతూనే ఉంది. ఉలవచారులో మన పెద్దలు పాటించిన న్యాయం కూడా ఇదే. కట్టు మనిషికి, గింజ ఎద్దుకు. ఒకరి వాటా లాక్కోకుండా ఇద్దరికీ సరిపడేలా పంచుకోవటమే ఇందులో అసలు నేర్పు.

పేదవాడి సంగతి మరింత సున్నితమైనది. తెల్లని సన్నబియ్యం మన దస్తర్‌ఖాన్ మీద పరచుకొని, నూకలూ తవుడు బిస్కట్లూ బలమైన ఆహారమంటూ అనాథ పిల్లలకు పంపితే అది సేవ అనిపించుకోదు. కళ్ళు మూసుకుంటే తప్ప మీరు స్వీకరించలేని నాసిరకం వస్తువులను దానం చేయవద్దని సూరె బఖరాలో అల్లాహ్ మందలించాడు. జల్లించని రొట్టెను దైవప్రవక్త (స) పేదలకు సిఫారసు చేసి ఊరుకోలేదు. తానే తిన్నారు. ఈ మార్పు మంచిదని మనం నమ్మితే అది ముందుగా మన ఇంట, మన అతిథుల ముందు, మన పిల్లల పళ్ళేలలో కనిపించాలి. అప్పుడే దానికి గౌరవం వస్తుంది. గౌరవం వచ్చినప్పుడే పేదవాడు దానిని తలవంపు లేకుండా తినగలుగుతాడు.

ఇంట్లో చేయదగినవి

తవుడు తినటానికి అన్నింటికంటే సులువైన, సురక్షితమైన పద్ధతి దానిని గింజ నుంచి వేరుచేయకపోవటమే. వారంలో రెండు మూడు రోజులు దంపుడు బియ్యంతో గానీ, తక్కువ పాలిష్ పట్టిన బియ్యంతో గానీ మొదలుపెట్టవచ్చు. పైపొరలో నూనె ఉంటుంది కనుక ఆ బియ్యం ఎక్కువకాలం నిల్వ ఉండదు. నెలకు సరిపడా మాత్రమే కొనాలి. వండేముందు అరగంటకు పైగా నానబెడితే మెత్తగా ఉడుకుతుంది.

గోధుమలు మరపట్టించిన పిండిని జల్లెడ పట్టి తవుడు పారవేసే అలవాటు మానుకోవచ్చు. రొట్టెలు కాస్త ముతకగా వస్తాయని అనిపిస్తే పిండిని గోరువెచ్చని నీటితో కలిపి కొంతసేపు నాననివ్వాలి.

పొట్టు మినపప్పు నానబెట్టి కడిగినప్పుడు వచ్చే పొట్టులో కొద్దిగా రుబ్బిన పిండి, ఉప్పు, పచ్చిమిర్చి ముద్ద, జీలకర్ర కలిపి ఎర్రటి ఎండలో వడియాలు పెట్టుకోవచ్చు. బాగా ఎండకపోతే బూజు పడతాయి. కనుక మబ్బు పట్టిన రోజులలో వద్దు.

రమజాను నెలలో ఇఫ్తారు కోసం శనగలు ఉడకబెడతాము. నానబెట్టిన నీటిని మొక్కలకు పోసి, ఉడికించిన నీటిని మాత్రం పారబోయకుండా చారులోకో ఖట్టాలోకో వాడుకోవచ్చు. రుచి, చిక్కదనం రెండూ వస్తాయి.

నూకలు, పప్పునూక కొనటానికి సంకోచించనక్కరలేదు. రాళ్ళు, పురుగు, బూజు లేకుండా చూసి తెచ్చుకుంటే ఖిచిడీకి, ఉప్మాకు, జావకు అవి గింజకు ఏమాత్రం తీసిపోవు. మిగిలిన డబ్బుతో ఒక గుడ్డో పాలో పిల్లల పళ్ళెంలోకి వస్తాయి.

బియ్యపు మరలు, పప్పుల మరలు, గానుగలు నడుపుతున్న సోదరులకు ఒక విన్నపం. మీ దుకాణం వెనుక గుట్టగా పడివున్నది ఎవరి రిజ్ఖ్ అన్నది ఒకసారి ఆలోచించండి. నూకను దుమ్ము చేరకముందే వేరుచేసి శుభ్రమైన సంచిలో అమ్మితే అది మనిషి ఆహారం. నేలమీద ఊడ్చి కలిపితే అదే చెత్త. వస్తువు ఒక్కటే. తేడా మీ చేతిలోని చీపురుకూ సంచికీ మధ్య ఉంది. బూజుపట్టిన చెక్కను మంచి చెక్కలో కలిపి అమ్మటం మాత్రం మోసమే కాదు, ప్రాణాలతో చెలగాటం కూడా.

పంటల గురించి సూరె అన్ఆమ్‌లో చెబుతూ, కోత దినాన దాని హక్కు చెల్లించమనీ, దుబారా చేయవద్దనీ అల్లాహ్ ఒకే ఆయత్‌లో ఆదేశించాడు. హక్కు చెల్లించటం ఎలా ఆరాధనో, దుబారా చేయకపోవటం కూడా అలాగే ఆరాధన. ఏ పొరలో శుభం దాచి ఉంచాడో ఆయనకే తెలుసు. దానిని తొలగించేముందు, పారవేసేముందు ఒక్కసారి ఆగి చూడటం మన వంతు.

తాను ప్రసాదించిన ప్రతి గింజనూ, ఆ గింజను కప్పిన ప్రతి పొరనూ అనుగ్రహంగా గుర్తించే కృతజ్ఞులలో అల్లాహ్ మనందరినీ చేర్చుగాక! ఆమీన్.